పాఠానికి ముందు పని

ప్రభుత్వ విధానాలను ఒక శాస్త్రంగా విశ్వవిద్యాలయాలలో బోధించడం మన దేశంలో ఇటీవలి విషయం. అమెరికాలో అది నూరేళ్ళు దాటిన విషయం. ఒక చట్టం ఎందుకు అవసరమైనది, అది ఎవరిని కాపాడుతుంది, ఎవరిని విడిచిపెడుతుంది, దాని వ్యయం ఎవరి నెత్తిన పడుతుంది, అనుకొన్న ఫలితం వచ్చినదీ రానిదీ ఎట్లా కనిపెట్టడం, ఇట్టి ప్రశ్నలను అర్థశాస్త్రంతో, గణాంకాలతో, రాజనీతితో కలిపి పరిశీలించే విద్య అది. పబ్లిక్ పాలసీ అనే పేరు ఈనాడు మన యువతీయువకుల నోళ్ళలో బాగా నానుతున్నది. ఈ విద్యలో పై పట్టం కోరి దరఖాస్తు పెట్టేవారిని ఆ విద్యాలయాలు మార్కులతో పాటు మరొక మాట కూడా అడుగుతాయి: ఇంతవరకు మీరు చేసిన పని ఏమిటి?

ఈ ప్రశ్న మన ఇళ్ళలో కొంత కలవరం పుట్టిస్తుంది. డిగ్రీ చేతికి వచ్చిన అబ్బాయి గాని, అమ్మాయి గాని, రెండేళ్ళు ఎక్కడైనా పనిచేసి పిదప చదువుతానని అంటే, పెద్దలకు ఆ రెండేళ్ళు గండి పడిన కాలువ వలె కనిపిస్తాయి. చదువు తెగిపోతుందేమో, సంపాదన రుచి తగిలినవాడు మళ్ళీ పుస్తకం పడతాడా, అమ్మాయి అయితే పెళ్ళి మాట ఏమిటి అని పరిపరి విధాల ఆలోచనలు. ఈ భయాలు నిరాధారమైనవని నేను అనబోవడం లేదు. ఉద్యోగంలో చేరి చదువు మొగం మళ్ళీ చూడనివారు ప్రతి వీధిలోనూ ఉంటారు. అయినప్పటికీ ఆ విద్యాలయాలు పనిని గూర్చి అడగడం వట్టి ఆచారం కాదు. దాని వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను పాఠశాలల పుట్టుపూర్వోత్తరాల నుండి చెప్పడం కంటె ఒక స్త్రీ జీవితం నుండి చెప్పడం తేలిక.

ఆమె పేరు ఫ్రాన్సెస్ పెర్కిన్స్. 1880లో బోస్టన్ నగరంలో పుట్టింది. మౌంట్ హోలియోక్ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి 1902లో పట్టభద్రురాలైంది. ఆ కళాశాలలో అమెరికా ఆర్థిక చరిత్ర బోధించిన అన్నా సూల్ అనే అధ్యాపకురాలు తన విద్యార్థినులను తరగతి గదిలో కూర్చోనివ్వలేదు. దగ్గరలోనే ఉన్న మిల్లులకు వెళ్ళి, అక్కడ పనిచేసేవారు ఏ వయస్సువారో, ఎన్ని గంటలు నిలబడతారో, ఏమి కూలి తీసుకొంటారో చూచి రమ్మని పంపింది. రసాయనశాలలో పరీక్ష నాళికలు పట్టుకొన్న పెర్కిన్సుకు ఆ మిల్లుల నడుమ మొదటిసారిగా ఒక అనుమానం తగిలింది. ఇళ్ళలో పెద్దలు చెప్పినట్లు దారిద్ర్యం అనేది సోమరితనం వల్ల, త్రాగుడు వల్ల వచ్చేదే అయితే, చేతులు యంత్రంలో పోగొట్టుకొన్న ఈ కష్టజీవుల మాట ఏమిటి?

పట్టం చేతబట్టుకొని న్యూయార్కు వెళ్ళి, బీదల సంక్షేమం చూచే ఒక పెద్ద సంస్థలో పని అడిగింది. వయస్సు చాలదు, అనుభవం లేదు, కొంతకాలం ఏదైనా పని చేసి రమ్మని వారు పంపివేసినారు. ఈనాటి దరఖాస్తుదారులు వినే మాటే ఆనాడు ఆమె కూడా విన్నది. ఆమె చేసిన పని బడిపంతులు పని. పలుచోట్ల పాఠాలు చెప్పి, 1904లో షికాగో నగరానికి చేరువలో లేక్ ఫారెస్టులోని ఒక బాలికల పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించడానికి కుదిరింది. పగలు పాఠాలు, తీరిక సమయాలలో, సెలవులలో మరొక పని.

ఆ రెండవ పని జరిగిన చోటు హల్ హౌస్. షికాగోలోని మురికివాడ నడిబొడ్డున 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్త్రీలు స్థాపించిన సేవానిలయం అది. చదువుకొన్నవారు అక్కడనే కాపురముండి, ఇటలీ నుండి, రష్యా నుండి, పోలండు నుండి వలస వచ్చిన కూలీల మధ్య మెలిగేవారు. పిల్లలకు బడి, తల్లులకు వైద్యసలహా, కూలీలకు చట్టసహాయం అక్కడ దొరికేవి. కూలి ఎగవేసిన యజమానుల వద్దకు వెళ్ళి, రావలసిన డబ్బు వసూలు చేసి తేవడం పెర్కిన్సుకు అప్పగించిన పనులలో ఒకటి. వారం రోజుల కూలి రాకపోతే ఆ యింట పొయ్యి వెలగదని అర్థశాస్త్ర గ్రంథం చెప్పగలదు. కాని యజమాని తలుపు తట్టి, అతడు చెప్పే సాకులు విని, ఏ మాటకు అతని చెయ్యి జేబులోకి పోతుందో కనిపెట్టిన మనిషికి కూలి చట్టమనే మాట వేరుగా వినిపిస్తుంది.

హల్ హౌసులో అంతకు ముందు కాపురమున్న మరొక స్త్రీని గూర్చి ఇక్కడ చెప్పక తప్పదు. ఆమె ఫ్లారెన్స్ కెల్లీ. 1893లో ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నరు ఆమెను ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టరుగా నియమించినాడు. చట్టాన్ని ఉల్లంఘించిన యజమానులను ఆమె పట్టుకొన్నా, వారి మీద అభియోగం నడపడానికి ప్రభుత్వ న్యాయవాది ముందుకు రాలేదు. కెల్లీ ఏమి చేసింది? ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్రం చదివి పట్టం పుచ్చుకొన్నది. చదువు ఎందుకు కావలసి వచ్చినదో ఇంత స్పష్టంగా తెలిసి చదివినవారు అరుదు. పెర్కిన్స్ కళాశాలలో చదువుతుండగానే, 1902లో, కెల్లీ అక్కడికి వచ్చి ఉపన్యసించింది. ఆ ఉపన్యాసం తన జీవితాన్ని ఒక దారిలో పెట్టినదని పెర్కిన్స్ తరువాతి కాలంలో చెప్పుకొన్నది.

1907లో పెర్కిన్స్ బోధన మాని ఫిలడెల్ఫియా వెళ్ళింది. ఉద్యోగం వెదుక్కొంటూ ఓడల మీద వచ్చే వలస బాలికలను, దక్షిణ రాష్ట్రాల నుండి రైళ్ళలో వచ్చే నీగ్రో యువతులను, కొందరు దళారీలు పని ఇప్పిస్తామని ఆశపెట్టి చెడ్డ యిండ్లకు చేర్చేవారు. ఈ మోసాన్ని బయటపెట్టడానికి ఏర్పడిన చిన్న సంఘానికి ఆమె కార్యదర్శిని. దళారీల దుకాణాలు, అద్దె వసతి గృహాలు ఎట్లా నడుస్తున్నవో ఆరా తీయడం, ఆ వివరాలు నగరాధికారుల ముందు పెట్టి వాటికి లైసెన్సు నిబంధనలు తెప్పించడం ఆమె పని. ప్రభుత్వ విధానమంటే ఏమిటో పేరైనా తెలియకుండా అదే పని ఆమె చేస్తున్నది.

చేస్తూ ఉండగా ఒకటి ఆమెకు బోధపడింది. ఒక్కొక్క బాలికను కాపాడడం తనకు చేతనవును. కాని ఇందరు బాలికలు ఈ దారి పట్టడానికి కారణమైన కూలి రేట్లు, అద్దెలు, వలసలు తనకు అర్థం కావడం లేదు. ఆ అర్థం కోసమే ఆమె చదువు వెదుక్కొన్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వార్టన్ పాఠశాలలో సైమన్ ప్యాటెన్ అనే అర్థశాస్త్రజ్ఞుని శిష్యురాలైంది. యంత్రయుగంలో సంపద అందరికీ చాలినంత పుడుతున్నది గనుక దారిద్ర్యం విధి కాదని వాదించిన పండితుడు ప్యాటెన్. ఆయన ప్రోత్సాహంతో 1909లో ఆమె న్యూయార్కు చేరి, 1910లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందింది. అప్పటికి ఆమె వయస్సు ముప్పై సంవత్సరాలు. మొదటి పట్టానికీ రెండవ పట్టానికీ నడుమ ఎనిమిదేళ్ళు గడిచినవి.

ఆమె ఎన్నుకొన్న పరిశోధన విషయం గమనించదగినది. న్యూయార్కు పడమటి ప్రాంతంలో మిక్కిలి బీదపేటలోని ఒక ప్రభుత్వ పాఠశాల. అందులో చదివే 107 మంది బాలబాలికలు. వారి పోషకాహార లోపం. కళాశాల వదలి నేరుగా వచ్చిన విద్యార్థి ఇంత చిన్న విషయం ఎన్నుకొని ఉండునా? ఏ రాజ్యాంగ సిద్ధాంతాన్నో, ఏ మహాసామ్రాజ్య పరిపాలననో చేపట్టి ఉండును. ఒక బడిలోని పిల్లల ఆకలిని లెక్కకట్టడంలో రాజనీతి అంతా ఇమిడి ఉన్నదని తెలియడానికి ఆ ఎనిమిదేళ్ళు పట్టినవి.

ఆ పిదప జరిగిన కథ పలువురు ఎరిగినదే. 1911 మార్చి 25, శనివారం సాయంకాలం, పెర్కిన్స్ వాషింగ్టన్ స్క్వేరు దగ్గర ఒక స్నేహితురాలి యింట తేనీటి విందులో ఉన్నది. అగ్నిమాపక శకటాల గంటలు విని అందరూ వీధిలోకి పరుగెత్తినారు. పదంతస్తుల భవనంలో పై మూడు అంతస్తులలో ఉన్న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం అంటుకొన్నది. తలుపు తాళం వేసి ఉన్నది. అగ్నిమాపక నిచ్చెనలు ఆరవ అంతస్తు వరకే అందినవి. బాలికలు కిటికీల నుండి దూకడం ఆమె కళ్ళారా చూచింది. 146 మంది మరణించినారు. అందులో అధికసంఖ్యాకులు వలస వచ్చిన యువతులు. యజమానుల మీద జరిగిన విచారణలో వారు నిర్దోషులుగా విడుదలైనారు.

దుఃఖించినవారు న్యూయార్కు నగరంలో లక్షలమంది. ఆ దుఃఖాన్ని చట్టంగా మార్చడం తెలిసినవారు కొందరే. రాష్ట్ర శాసనసభ ఏర్పాటు చేసిన విచారణ సంఘానికి రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. పెర్కిన్స్ వారికి నివేదికలు మాత్రమే ఇచ్చి ఊరుకొనలేదు; వారిని చేయి పట్టుకొని కర్మాగారాలకు తీసుకొని వెళ్ళింది. మంటలు లేస్తే దిగిపోవడానికి ఇదే దారి అని యజమాని చూపిన గోడకంతలో నుండి వాగ్నరును ప్రాకించి, మంచు పట్టిన ఇనుప నిచ్చెన ఎక్కడ అంతమవుతున్నదో ఆయన కళ్ళకే చూపించింది. రాత్రి పాళీ ముగించి త్రాళ్ళ మిల్లు నుండి తెల్లవారుజామున బయటికి వచ్చే స్త్రీలను స్మిత్ చూడవలెనని ఆయనను చీకటితో లేపి తీసుకొని పోయింది. మౌంట్ హోలియోకులో అన్నా సూల్ తమకు చేసినదే ఆమె శాసనసభ్యులకు చేసింది. ఆ సంఘం కృషి వల్ల ముప్పైకి పైగా చట్టాలు వచ్చినవి.

1912లో స్త్రీల పనిని వారానికి 54 గంటలకు పరిమితం చేసే బిల్లు విషయంలో ఆమెకు పెద్ద పరీక్ష ఎదురైంది. పండ్లు, కూరగాయలు డబ్బాలకెత్తే కర్మాగారాలను మినహాయిస్తేనే బిల్లు నెగ్గుతుందని శాసనసభలో తేలిపోయింది. ఆమె ఉద్యోగం చేస్తున్న వినియోగదారుల సంఘం మినహాయింపు ఒప్పుకొనవద్దని కట్టడి చేసి ఉన్నది. ఆమె ఒప్పుకొన్నది. సగం రొట్టె మేలా, రొట్టె అంతా కోరి పస్తుండడం మేలా అనే ఈ చిక్కు ఏ గ్రంథంలోనూ తీరేది కాదు. జాతీయ వినియోగదారుల సంఘానికి నాయకురాలైన ఫ్లారెన్స్ కెల్లీ ఆమెను మందలించలేదు సరిగదా, మెచ్చుకొన్నది.

1933లో రూజ్వెల్ట్ ఆమెను కార్మికశాఖకు కార్యదర్శినిగా పిలిచినప్పుడు, ఒప్పుకొనే ముందు తాను చేయదలచిన పనుల జాబితా ఆయన ముందు పెట్టింది. పనిగంటల పరిమితి, కనీస వేతనం, బాలకార్మిక నిషేధం, నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను, ఆరోగ్య భీమా అందులో ఉన్నవి. అమెరికా మంత్రివర్గంలో చేరిన మొదటి స్త్రీ ఆమె. 1935లో సామాజిక భద్రతా చట్టం, 1938లో వేతనాల, పనిగంటల చట్టం వచ్చినవి. ఆరోగ్య భీమా ఒక్కటే ఆమె కాలంలో సాధ్యం కాలేదు. సామాజిక భద్రతా చట్టంలో కూడా వ్యవసాయకూలీలను, ఇంటి పనివారిని మొదట విడిచిపెట్టినారు. నల్లజాతివారు ఎక్కువగా చేసే పనులు అవే గనుక, ఆ లోపం చిన్నదని చెప్పడానికి వీలులేదు.

ఇంతవరకు విన్నవారు, అనుభవం ఉంటే చాలు, అన్నీ చక్కబడతాయని అనుకొనవచ్చును. అట్లా అనుకొనకుండా ఉండడానికి అదే నగరంలో, అదే కాలంలో మెలిగిన మరొకరిని చూడవలె.

రాబర్ట్ మోజెస్ 1888లో పుట్టినాడు. యేల్ విశ్వవిద్యాలయంలో, ఆక్స్‌ఫర్డులో, కొలంబియాలో ఏకధాటిగా చదివి, బ్రిటిషు ప్రభుత్వోద్యోగ వ్యవస్థ మీద గ్రంథం వ్రాసి డాక్టరు పట్టం పుచ్చుకొన్నాడు. న్యూయార్కు నగర పరిపాలనను లెక్కలతో సహా పరిశోధించే ఒక సంస్థ 1911లో ప్రభుత్వసేవకు శిక్షణ ఇచ్చే పాఠశాల తెరచింది. కార్యాలయాలలోకి, వీధులలోకి విద్యార్థులను పంపి నేర్పే బడి అది. 1913లో మోజెస్ అందులో చేరినాడు గాని, ఆ చిల్లర పనుల మీద ఆయనకు ఓపిక లేకపోయింది. కొద్దికాలంలోనే నగరోద్యోగుల పనిని అంకెలలో కొలిచి, మార్కులు వేసి, జీతాలూ పదోన్నతులూ ఆ మార్కుల ప్రకారం ఇచ్చే ఒక బ్రహ్మాండమైన పథకం తయారుచేసినాడు. కాగితం మీద అందులో తప్పు పట్టడం కష్టం. ఉద్యోగులు భగ్గుమన్నారు. 1917 ఎన్నికలలో ఆయనకు అండగా నిలిచిన మేయరు ఓడిపోగానే పథకం అటకెక్కింది.

చదువుతో నేరుగా రంగంలోకి దిగిన మేధావికి తగిలిన దెబ్బ ఇది. దాని నుండి ఆయన నేర్చుకొన్న పాఠం, ప్రజలను అడిగి తెలుసుకొనవలెనని కాదు. అధికారం చేతిలో లేనిదే ఏ పథకమూ నిలవదని. ఆల్ స్మిత్ గవర్నరు అయిన పిదప ఆయన కొలువులో చేరి, చట్టాల రచనలో కిటుకులు నేర్చి, 1924 నుండి 1968 వరకు ఏ ఎన్నికలోనూ నెగ్గకుండానే న్యూయార్కు ఉద్యానవనాల మీద, వంతెనల మీద, రహదారుల మీద పెత్తనం చేసినాడు. ఆయన నిర్మించిన సముద్రతీర ఉద్యానవనాలు చూచి ఈనాటికీ జనం సంతోషిస్తారు. ఆయన రహదారుల క్రింద ఇళ్ళు పోయినవారు వేలకు వేలు. ఇన్ని రహదారులు వేసిన మనిషికి కారు నడపడం రాదు!

ఇద్దరికీ అనుభవం ఉన్నది. భేదం ఎక్కడ? పెర్కిన్స్ తొలి అనుభవమంతా బల్లకు ఆవలి ప్రక్క నిలబడినవారితో: కూలి రాని మనిషి, మోసపోయిన బాలిక, ఆకలిగొన్న బడిపిల్లవాడు. మోజెస్ అనుభవం బల్లకు ఈవలి ప్రక్క, సంతకం పెట్టే చేతి దగ్గర. నా మటుకు నాకు ఎన్ని ఏండ్లు పనిచేసినారన్న దానికంటె ఈ భేదమే ముఖ్యమని తోస్తుంది. పెద్ద సలహా సంస్థలో చల్లని గదిలో రెండేళ్ళు పటాలు గీసినవానికీ, రేషను దుకాణం ముందు వరుసలో నిలబడినవారి పేర్లు ఏ కారణాన జాబితా నుండి జారిపోతున్నవో ఆరు నెలలు చూచినవానికీ తరగతిలో తట్టే ప్రశ్నలు ఒక్కటి కావు.

పాఠశాలల చరిత్రను క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1911 నాటి ఆ శిక్షణ పాఠశాల వారసత్వంతో 1924లో సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో మాక్స్‌వెల్ పాఠశాల వెలసింది. చేతితొడుగుల వ్యాపారంలో గడించి, కాంగ్రెసు సభ్యుడుగా కూడ పనిచేసిన లూషియస్ లిటావర్ 1936లో ఇరవై లక్షల డాలర్లు ఇవ్వగా హార్వర్డులో పరిపాలనా విద్యాలయం ఏర్పడింది. మొదటి రోజులలో అక్కడ ఎక్కువగా ప్రభుత్వోద్యోగంలో కొంతకాలం గడిపినవారినే చేర్చుకొనేవారు. ప్రశ్న వారు తెస్తారు, పద్ధతి మేము చెబుతాము అన్నట్లుండేది ఆ ఏర్పాటు. 1966లో ఆ విద్యాలయానికి కెన్నెడీ పేరు పెట్టినారు. 1960ల చివర హార్వర్డులోనూ, బర్క్లీలోనూ యువకుల కోసం రెండేళ్ళ పబ్లిక్ పాలసీ చదువులు వచ్చినవి. అనుభవజ్ఞుల కోసం హార్వర్డులో ఉన్న ఏడాది చదువుకు మాత్రం ఏడేళ్ళ పని అనుభవం ఉండి తీరవలె.

మాక్స్‌వెల్ పాఠశాలకు 1947 నుండి డీనుగా ఉన్న పాల్ ఆపిల్‌బీ మొదట పత్రికలు నడిపినవాడు, పిదప అమెరికా వ్యవసాయశాఖలో పదేళ్ళకు పైగా పనిచేసినవాడు. ఆయన 1953లో మన కేంద్రప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక దరిమిలా 1954లో ఢిల్లీలో భారత ప్రజాపరిపాలనా సంస్థ నెలకొన్నది. మన హైదరాబాదులో 1956లో స్థాపించిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇంగ్లండులోని హెన్లీ కళాశాల నమూనాను అనుసరించింది. ఒకప్పుడు బేరారు యువరాజు నివాసమైన బెల్లావిస్టా భవనంలో, జనరల్ శ్రీనగేశ్ తొలి ప్రిన్సిపాలుగా, అక్కడ చేరినవారందరూ ఉద్యోగాలలో పండినవారే. ప్రభుత్వాధికారి, కర్మాగారం మేనేజరు, సైనికోద్యోగి ఒక చిన్న బృందంగా బల్ల చుట్టూ కూర్చొని ఒకరి అనుభవాన్ని ఒకరు తరచి చూడడమే అక్కడ పాఠం.

మళ్ళీ మన ఇళ్ళకు వద్దాము. రెండేళ్ళు జీతం లేకుండా సేవ చేయమనే సలహా కలిగినవారికే చెల్లుతుంది. పెర్కిన్సుకు బడిపంతులు జీతం ఉండబట్టే తీరిక వేళలలో హల్ హౌసు సాధ్యమైంది. కనుక కుటుంబానికి ఆసరా కావలసిన పిల్లలు జీతమున్న పని ఏదైనా చేస్తూ, వారానికి ఒక పూట ఒకే సమస్యను విడువకుండా చూచినా అది అనుభవమే. గ్రామ సచివాలయంలో ఉద్యోగం, జిల్లా ఆసుపత్రిలో లెక్కల పని, పత్రికా విలేఖరి పని, సహకార సంఘంలో గుమాస్తాగిరీ, వీటిలో ఏదీ తక్కువది కాదు. చూచినదానిని తేదీలతో, అంకెలతో వ్రాసి ఉంచుకొంటే దరఖాస్తులోని వ్యాసం సగం అప్పుడే వ్రాసినట్లు. చదువు తెగిపోతుందన్న భయానికి పెద్దలూ పిల్లలూ కలిసి ముందే ఒక గడువు పెట్టుకొనవచ్చును. విదేశాలలోని ఇట్టి విద్యాలయాలు చాలవరకు డిసెంబరు, జనవరి నెలలలో దరఖాస్తులు పుచ్చుకొని, ఆగస్టు, సెప్టెంబరులలో తరగతులు ప్రారంభిస్తాయి. ఈ జూన్ నెలలో పనిలో ప్రవేశించినవారికి వచ్చే సంవత్సరం డిసెంబరులో దరఖాస్తు పెట్టేనాటికి పద్ధెనిమిది నెలల అనుభవం చేతిలో ఉంటుంది.